తాయత్తు విప్పిన తల్లి

2022. విరుదునగర్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో నేను జెనెటిక్ కౌన్సెలర్‌ని. వంశంలో వచ్చే జబ్బుల గురించి దంపతులకు విడమరిచి చెప్పడం నా పని. కోవిల్‌పట్టి అవతల నాగలాపురం నుంచి బస్సులు మారి రామలక్ష్మి, ఆమె భర్త గురుసామి వచ్చారు. వాళ్లది మేనరికం. మా ఇంట్లో మాదిరే తెలుగు మాట్లాడతారని తెలియగానే తమిళం పక్కన పెట్టేశాం. ఆమెకు మూడో నెల.

మొదటి పాప కూర్చోవడం నేర్చుకుని, మళ్లీ మరిచిపోయి, చివరికి మెడ కూడా నిలపలేక మూడేళ్లు నిండకుండానే పోయింది. జబ్బు పేరేమిటో ఎవరూ తేల్చలేదు. కడుపులో బిడ్డకూ అదే వస్తుందా అన్నది వాళ్ల ప్రశ్న.

అది చెప్పాలంటే పోయిన పాపలోని మ్యుటేషన్, అంటే జన్యువులో పడ్డ తప్పు, ముందు దొరకాలి. తల్లిదండ్రుల రక్తంతో ఊహించగలమే గాని గట్టిగా చెప్పలేం. పాప రక్తం ఎక్కడా దాచలేదు. అన్నిసార్లు సూదులు గుచ్చినవాళ్లలో ఒక్కరికైనా నాలుగు చుక్కలు దాచాలని తోచలేదే అని నాకు ఒళ్లు మండింది.

"పాప బొడ్డు ఊడినప్పుడు దాచినారా?" అని అడిగాను. ఎండిన బొడ్డు ముక్కలోనూ జన్యువులు మిగిలి ఉండొచ్చు.

"తాయత్తులో పెట్టి మొలకి కట్టింటిమి," అన్నాడు గురుసామి. "పాపతోనే గుంటలోకి పోయిందక్కా."

రామలక్ష్మి తల దించుకుని తాళి పైకి లాగింది. దాని పక్కనే చిన్న వెండి తాయత్తు ఉంది.

"పూడ్సేదానికి ముందే విప్పేసినాను. తిడతారని సెప్పలేదు మామా."

గురుసామి చేయి చాచి ఆ తాయత్తును ఒకసారి తాకాడు.

"తిరగా ఇస్తారా అక్కా?" అని ఆమె నన్ను అడిగింది.

"ఇయ్యలేరమ్మా. పరీక్షకి అంతా కరగబెట్టేస్తారు. అయినా ఫలితం వస్తాదో రాదో."

ఆమె దాన్ని పిడికిట్లో బిగించింది. "కడుపులో ఉండేదాన్ని సూసుకోవల్ల కదా," అని విప్పి నా చేతిలో పెట్టింది.

ఆ ఎండిన ముక్కలోంచి ల్యాబ్ తప్పును పట్టుకుంది. అదే తప్పు భార్యాభర్తలిద్దరిలోనూ ఒక్కో పాలు దాగి ఉంది. తర్వాత అమ్నియోసెంటెసిస్ చేశారు, అంటే ఉమ్మనీరు సూదితో తీసి చూడటం. ఒకరి నుంచే వస్తే జబ్బు రాదు; కడుపులో బిడ్డకు ఇద్దరి నుంచీ వచ్చింది, అంటే అక్కకు వచ్చిన జబ్బే.

ఇంకో బిడ్డను అలా కళ్లముందు పోగొట్టుకునే శక్తి లేదని గర్భం తీయించుకున్నారు. ఇంటికి వెళ్లేటప్పుడు రామలక్ష్మి, "దీనిది దాసుకునేదానికి బొడ్డు కూడా లేదు కదక్కా," అంది. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

ఆ కేసు నాకు నేర్పింది ఒక్కటే. పేరు తెలియని జబ్బుతో ఎదుగుదల ఆగిన పిల్లలు వస్తే, రక్తం తీసి డీఎన్‌ఏ దాచుకుందామని ఇప్పుడు ముందే అడుగుతాను. మొన్న పుదూరు నుంచి వచ్చిన ఒక తల్లి ఒళ్లో బిడ్డను సర్దుకుంటూ నా వంక చూసింది.

"బిడ్డ ఈడనే ఉండాది కదక్కా, రత్తం దాసేది ఎందుకు?"

"రేపు దీని వెనక పుట్టేవాళ్లకి పనికొస్తాదమ్మా," అన్నాను.

ఆమెకు అర్థమైంది. బిడ్డ చేతిని తనే చాపి పట్టుకుంది.