దర్గా మెట్ల మీది బూట్లు

మా ముత్తాత లింగారెడ్డి గద్వాల సంస్థానానికి గుర్రపు దళం నిలబెట్టినవాడు. యుద్ధమొస్తే మనుషులూ గుర్రాలూ ఆయన పంపాలి. దానికి బదులుగా ఇటిక్యాల అవతల మూడు ఊళ్ల మక్తా, అంటే వాటి శిస్తు వసూలు హక్కు, మాది. మా తాత బాలకిష్టారెడ్డి కోటలో దసరా దర్బారుకు పోతే కుడివైపు వరసలో కూర్చునేవాడు. మా నాన్నకు ఆ వరసలో చోటు దొరకలేదు గాని, మేము కూర్చునే చోటు ఏదో ఆయన చచ్చేదాకా మరవలేదు. ఆయన తరవాత నేను. ఇంటిపేరు రాయను. తెలిసినవాళ్లకు ఈపాటికే తెలిసి ఉంటుంది. తెలియనివాళ్లకు అక్కర లేదు.

పెద్దల పేర్లు ముందు చెప్పడం గొప్ప కోసం కాదు. కాదా? కొంత గొప్ప కోసమే. కాని అసలు కారణం వేరు. వాళ్లలో ఎవరూ దొంగతనం చేయలేదు. నేను చేశాను. పట్టపగలు చేశాను. ఆ బరువు ఇన్నేళ్లుగా నా తలమీద ఉంది. ఏదో మాటవరసకు అనడం లేదు. ఆ రోజు దాన్ని నిజంగానే తలమీద పెట్టుకొని నడిచాను. నా భార్యకు చెప్పలేదు, కొడుకుకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. జాలిపడమని కాదు. క్షమించమని అసలే కాదు.

నాకు పెత్తనం వచ్చేనాటికి మక్తా వ్యాజ్యాలలో పోయింది. గుర్రపుశాలలో గొడ్లు కూడా లేవు. మిగిలింది ఒక్క ఆనవాయితీ. మా గడి, అంటే మేముండే పెద్ద ఇల్లు, దాని దర్వాజా ముందరి బాటలో, ఈ మలుపు నుంచి ఆ మలుపు దాకా, ఎవరూ కాళ్లకు చెప్పులతో నడవరు. విడిచి చేతిలో పట్టుకుంటారు. చేతుల్లో ఏమైనా ఉంటే చెప్పులు తలమీద పెట్టుకుంటారు. ఎవరూ చెప్పనక్కరలేదు. నేను అరుగు మీద కూర్చున్నా, ఊళ్లోనే లేకపోయినా అంతే. ఎండాకాలం ఆ బాట మీద కాళ్లు కాలుతుంటే జనం పరుగెత్తి దాటడం చిన్నప్పుడు మాకు వేడుకగా ఉండేది.

మాకు మాత్రం కిర్రు చెప్పులు. మాదిగవాడలో తిమ్మప్ప కుట్టేవాడు. కల్లం కాడ గింజలు కొలిచి ఇచ్చేవాళ్లం. అడుగు వేస్తే కిర్రుమనాలి. దొర వస్తున్నాడని మలుపు అవతలే తెలియాలి. కొత్త జోడు పట్టుకొని తిమ్మప్ప గడికి వచ్చేటప్పుడు ఆయన కాళ్లకు ఏమీ ఉండేది కాదు. ఆ సంగతి అప్పుడు నాకు కనబడలేదు. ఇప్పుడు కనబడుతున్నదని చెప్పుకోవడం కూడా పెద్ద ఘనత కాదు.

ఈ నేనే ఆ రోజుల్లో నాగర్‌కర్నూల్ గ్రంథాలయంలో ఇంగ్లీషువాళ్ల సామ్రాజ్యం మీద ఉపన్యాసం ఇచ్చాను. సామ్రాజ్యం వల్ల బలవంతులకు లాభమేమిటి, బలహీనులకు నష్టమేమిటి అని మాట్లాడమన్నారు. గంటసేపు మాట్లాడాను. మన వేరుశనగ, మన పత్తి రైలెక్కి సముద్రం దాటుతాయి, అదే రైల్లో వాళ్ల మిల్లు గుడ్డ దిగి అమరచింత మగ్గాన్ని ఆపుతుంది అన్నాను. రైలు వేశారంటే మన ప్రయాణాల కోసం కాదు, దోచింది బండ్ల మీద లాగితే ఆలస్యమవుతుందని అన్నాను. క్వినైను ఇచ్చారు నిజమే, జ్వరంతో పడుకున్నవాడు పన్ను కట్టలేడు గదా అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ ఉపన్యాసంలో ఒక్క మాట కూడా ఈనాటికీ వెనక్కి తీసుకోను. తెల్లవాడు రాకపోతే మనకు ఏమీ ఉండేది కాదనే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల ఎదుట నిలబడి మళ్లీ అదే చెబుతాను. నా తప్పు ఆ మాటల్లో లేదు.

తిమ్మప్ప కొడుకు ఎల్లప్ప. యుద్ధకాలంలో తుంగభద్ర దాటి కర్నూలు పోయి ఇంగ్లీషు ఫౌజులో చేరాడు. బర్మా వైపు రోడ్లు వేసే పటాలం. యుద్ధం ముగిశాక గద్వాల స్టేషన్లో దిగి ఊరికి నడిచి వచ్చాడు. కుంటుతున్నాడు. కుడికాలి మీద బండ పడి మూడు వేళ్లు తీసేశారని తరవాత తెలిసింది. కాళ్లకు నల్ల బూట్లు. మడమకు ఇనుప నాడా. అవి ఫౌజు దవాఖానలో ఇచ్చినవట.

ఆ బూట్లతోనే గడి ముందర నడిచాడు. నేను అరుగు మీద ఉన్నాను. టక్కు, టక్కు అని చప్పుడు, మధ్యలో ఒక ఈడ్పు. నా కిర్రు చెప్పుల కంటే గట్టిగా వినిపించింది. మా పాత నౌకరు బాలయ్య నా ముఖంలోకి చూశాడు. ఎల్లప్ప ఆగాడు, ఫౌజు పద్ధతిలో నుదుటికి చెయ్యి ఎత్తి సలాం చేశాడు, పోయాడు. పొగరు లేదు. ఉంటే నాకు సులువయ్యేది. మరచిపోయాడంతే. బాట ఎవరిదో మరచిపోయాడు.

మర్నాటి నుంచి రోజూ ఆ చప్పుడు. వారం తిరగకముందే ఇద్దరు జీతగాళ్లు చెప్పులతో దాటారు. బాలయ్య అడిగితే, ఎల్లప్ప పోతలేడా అన్నారట.

విప్పమని ఒక్క మాట అనవచ్చు గదా అని మీరు అడుగుతారు. అనలేకపోయాను. వాడి జేబులో ఫౌజు కాగితం ఉంది. పోలీసు అమీను దగ్గరికి పోతే నన్ను కాదని వాడి మాట వింటాడని భయం. ఇంకొక భయం అంతకంటే నీచమైనది. నాగర్‌కర్నూల్లో చప్పట్లు కొట్టినవాళ్లకు తెలిస్తే? బానిసత్వం మీద గంటసేపు మాట్లాడిన మనిషి ఇంటి ముందు కుంటివాడి చేత బూట్లు విప్పించాడంటే? మా ముత్తాతకు బలం ఉండేది, విప్పించేవాడు. నాకు బలం పోయింది, దాని మీద ఆశ పోలేదు. ఉపన్యాసం ఇచ్చాను గాని దాన్ని గడి లోపలికి రానివ్వలేదు. ఈ రెంటి మధ్య ఉన్న మనిషి ఏం చేస్తాడు? దొంగతనం చేస్తాడు.

మా ఊళ్లో పీరు దర్గా ఉంది. గుడి గడప దాటే వీలు లేనివాళ్లు కూడా ఆ గడప దాటేవారు. అక్కడ అందరూ ఒకటే. ఏటా ఉర్సు పండుగకు మొదటి గంధం మా ఇంటిది. ముత్తాత కాలం నుంచి ఇంటి పెద్ద గంధపు పళ్లెం తలమీద పెట్టుకొని తీసుకుపోవాలి. ఫాతెహా చదవడం కాగానే ఖాళీ పళ్లెం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పి, మళ్లీ తలమీదనే ఇంటికి తేవాలి. మేము మెట్లు దిగి రాతి కమాను దాటేదాకా లోపలున్నవాళ్లు ఎవరూ బయటికి రాకూడదు, బయటివాళ్లు కమాను లోపలికి రాకూడదు. అది మా మర్యాద.

ఆ ఏడు కూడా గంధం తీసుకుపోయాను. దర్గా చూసుకునే ముజావరు పళ్లెం నా చేతికి తిరిగి ఇచ్చాడు. బయటికి వచ్చాను. ఎండ చురుక్కుమంటోంది. నా చెప్పులు పై మెట్టు మీద ఉన్నాయి. కింది మెట్టు మీద ఒక పక్కగా ఆ బూట్లు, తాళ్లు లోపలికి మడిచి, ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా. చుట్టూ మనిషి లేడు. ఎట్లా ఉంటాడు? నేను దిగేదాకా ఎవరూ రారు. మా పెద్దలు సంపాదించిపెట్టిన మర్యాద నాకు ఆ నిమిషంలో అట్లా పనికొచ్చింది.

వంగాను. కుడి బూటు ముందువైపు బరువుగా ఉంది. లోపల చెయ్యి పెట్టాను. వేళ్లు ఉండవలసిన చోట తోలు కూరి, దగ్గరదగ్గరగా కుట్టారు. మెత్తగా, గట్టిగా, కాలు తోసి తోసి నునుపెక్కి ఉంది. నా చేతికి అంతా తెలిసిపోయింది. అది లేకుండా వాడు నడవలేడని తెలిసింది. తెలియక చేశానని చెప్పుకునే దారి ఆ క్షణాన మూసుకుపోయింది. అక్కడే పెట్టి రావచ్చు. పెట్టలేదు. ఎందుకు పెట్టలేదు? ఇన్నేళ్లు అడుగుతున్నాను. అప్పటికే వంగాను గనక, వట్టి చేతులతో లేవడం ఇష్టం లేక. ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

బూట్లు పళ్లెంలో పెట్టి, ఆకుపచ్చ గుడ్డ కప్పి, తలకెత్తుకున్నాను. దారిలో ఎదురైనవాళ్లు ఆగి, చెప్పులు విడిచి, పళ్లేనికి దండం పెట్టారు. మా గడి ముందు జనం చెప్పులు తలమీద పెట్టుకొని నడవాలని నియమం పెట్టిన ఇంటివాణ్ణి, మాదిగవాడి బూట్లు తలమీద పెట్టుకొని దర్గా నుంచి మా మెట్ట చేను, చెలక, దాకా నడిచాను. చెలకలో మోటబావి ఉంది. అందులో వేశాను. ఒకటి వెంటనే మునిగింది. రెండోది కాసేపు తేలింది. నిలబడి చూశాను.

నాలుగైదు రోజులకు ఎల్లప్ప గడికి వచ్చాడు. ఊళ్లో వస్తువు పోతే చెప్పుకునే చోటు అప్పటికీ మాదే. కాలికి గుడ్డ చుట్టుకున్నాడు. గుడ్డ తడిసి ఉంది. దర్వాజా అవతలే నిలబడ్డాడు.

"దొరా, ఒక్క మాట. దర్గా కాడ నా బూట్లు పోయినయి."

"చెప్పులు కుట్టేటోడు మీ ఇంట్లనే ఉన్నడు గదరా ఎల్లిగా."

"మా అయ్య కుట్టి సూసిండు. కాలు నిలుస్తలేదు. గా బూటుల ఏళ్ల కాడ తోలు పెట్టి కుట్టిన్రు. గది లేకుంటె పుండు మళ్ల పగుల్తది."

నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. నాగర్‌కర్నూల్లో మాట్లాడిన నోరు అది.

"ఇంగ్లీషోని కోసం పోయి కాలు పాడు చేసుకుంటివి. ఇప్పుడు వాని బూట్ల కోసం ఏడుస్తవా?"

ఎల్లప్ప నవ్వాడు. "ఇంగ్లీషోడు నా ఏళ్లు తీస్కొని బూట్లిచ్చిండు దొరా. గీ దొంగోడు బూట్లు తీస్కొని ఏమిస్తడో సూడాలె."

బాలయ్య కూడా నవ్వాడు. దండోరా వేయిస్తానన్నాను.

"మీరు చెప్తె దొరుకుతయి" అని వాడు వెళ్లిపోయాడు.

తెలిసి అన్నాడా, తెలియకనా? ఆ మాట వినని రోజు లేదు. దండోరా వేయించాను. తీసినవాడు తెచ్చి ఇవ్వకపోతే బాగుండదని నా పేరు మీదనే ఊరంతా చాటించాను.

పుండు పగిలింది. రేగడి పొలంలో, రాళ్ల బాటలో వట్టి కాలితో తిరిగాడు. కాలు నల్లబడ్డాక బండి మీద గద్వాలకూ, అక్కడి నుంచి రైల్లో కర్నూలుకూ తీసుకుపోయారు. కర్నూలు దవాఖానలో మోకాలి కింద కోసేసి బతికించారు. నేను ఉపన్యాసంలో తిట్టిన రైలు, నేను తిట్టిన వాళ్ల దవాఖాన. ఇది కూడా చెప్పాలి గనక చెబుతున్నాను. ఎల్లప్ప మళ్లీ ఊరికి రాలేదు. వాడి పెళ్లాం కూడా వాడి దగ్గరికే వెళ్లిపోయింది. తిమ్మప్ప మాత్రం ఉన్నాడు. పంట చేతికొచ్చాక ఎప్పటిలాగే నాకు కొత్త జోడు కుట్టి తెచ్చాడు. గడప దగ్గర పెట్టి పోయాడు. తొడుక్కొని నడిచాను. ఆ జోడు కిర్రుమనలేదు. నేను అడగలేదు.

ఎల్లప్ప ఊరు విడిచాక జనం గడి ముందు మళ్లీ కొన్నాళ్లు చెప్పులు విడిచారు. ఒక ఎండాకాలం. ఆ తరవాత సంస్థానాలే పోయాయి, నిజాం రాజ్యమే పోయింది, ఇక ఎవరూ విడవలేదు. ఒక మనిషి కాలు పోతే నాకు దక్కిన ఫలం అంతే.

ఆనాడు గ్రంథాలయంలో నన్ను రెండు సంగతులు చెప్పమన్నారు, బలహీనులకు నష్టమూ బలవంతులకు లాభమూ. బలవంతులకు కలిగే నష్టం నన్నెవరూ అడగలేదు, నాకూ తోచలేదు. ఇప్పుడు చెబుతాను. కోటలో మా తాత చెప్పులు విడిచాకే ఆ వరసలో కూర్చునేవాడు. ఆ కోటవాళ్లు హైదరాబాదులో విడిచేవాళ్లు. హైదరాబాదువాళ్లు తెల్లదొర ముందు ఏం విడవవలసి వచ్చేదో నాకు తెలియదు. పై నుంచి కింది దాకా మా అందరి గౌరవమూ పక్కవాడి వట్టి కాళ్ల మీద నిలబడింది. వాడు బూటు తొడిగితే మేము నిలబడలేకపోయాం. అదీ నష్టం. ఇంత చిన్న ప్రాణాలం మేము.

అయితే తెల్లవాడు మంచివాడా? బూటు ఇచ్చాడు కాబట్టి వేళ్లు తీసింది ఒప్పయిందా? కాలేదు. ఎప్పటికీ కాదు. కాని ఎల్లప్ప అడిగినదానికి జవాబు చెప్పవలసింది నేను. తెల్లవాడు తీసుకొని ఏదో ఒకటి ఇచ్చాడు. నేను తీసుకొని ఏమీ ఇవ్వలేదు. ఇన్నేళ్లుగా, మా పెద్దలు ఎదురుగా తీసుకున్నారు, నేను దొంగిలించాను, అందుకే నాకు సిగ్గు అనుకుంటూ వచ్చాను. ఇది రాస్తుంటే ఆ మాట కూడా నిలవడం లేదు. ఎదురుగా తీసుకుంటే దొంగతనం కాదని ఎవరు చెప్పారు? మేమే చెప్పుకున్నాం.

మొన్న నాగర్‌కర్నూల్ నుంచి నలుగురు వచ్చారు. ఆనాటి ఉపన్యాసం గుర్తుంచుకొని నాకు శాలువా కప్పుతామన్నారు. రానన్నాను. కారణం అడిగితే ఒంట్లో బాగాలేదన్నాను. అది ఇంకొక అబద్ధం. కారణం ఇది.

నా వీపు ఇంకా నిటారుగానే ఉంది, వంచబోను. వంచితే ఎల్లప్పకు కాలు రాదు. కాని ఇది రాసి తలమీది పళ్లెం దించాను. అందులో ఏముందో గుడ్డ తీసి చూపించాను. ఇంతే నాకు చేతనయింది.

గడి ఎప్పుడో అమ్మేశాం. పోయిన నెల చెలక కూడా గద్వాల వ్యాపారికి అమ్మాను, బావితో సహా.