వదిన తొడిగి చూసిన బట్టలు

మా ఇంట్లో చెత్తబుట్టకి ఎప్పుడూ పస్తులే. దాని నోటి దగ్గర కూడు లాగేసేది మా వదిన, అంటే మా ఆయనకి అక్క. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉంటుంది. ఒక పెద్ద హోటల్ లాండ్రీలో దుప్పట్లు సరిచూసే పని చేసి రిటైరైంది. అక్కడ కాస్త చిరుగు కనపడితే చాలు, దుప్పటికి దుప్పటే బయట పారేసేవారట. ఆవిడ ప్రాణం ఉసూరుమనేదట. ఆ కసినంతా ఇప్పుడు మా ఇంట్లో తీర్చుకుంటోంది. పాత బనీన్లు మసిగుడ్డలవుతాయి, జీన్సు ప్యాంట్లు కూరగాయల సంచులవుతాయి. పాలగిన్నె మీద ప్లాస్టిక్ కాగితం బదులు మైనం పట్టించిన గుడ్డ ఉంటుంది. చేతులు తుడుచుకునే కాగితాలు కావాలంటే నేను దొంగతనంగా తెచ్చుకోవాలి. భవనంలో వాళ్లు ఆవిడకి 'పారేయొద్దమ్మ' అని పేరు పెట్టారు. అలా పిలిచినా పలుకుతుంది.

ఆవిడకో పద్ధతి ఉంది. ఏ బట్టనైనా కత్తిరించే ముందు ఒక పూట తను తొడుక్కుంటుంది.

"వెలుతురుకి పట్టి చూస్తే సగమే తెలుస్తుంది అమ్మాయ్. ఒంటి మీద వేసుకుని పని చేస్తే ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ పలచబడిందో గుడ్డే చెప్తుంది."

అందుకని ఒకరోజు ఎవరిదో చొక్కా తొడుక్కుని అంట్లు తోముతూ, మర్నాడు ఎవరిదో గౌను వేసుకుని ఇల్లు తుడుస్తూ కనిపించేది. "ఇవాళ ఏం వేషం వదినా?" అని ఏడిపించేదాన్ని.

వాచ్‌మన్ పాత యూనిఫాం చొక్కా తొడిగిన రోజున నా నవ్వు ఆగిపోయింది. వదిన టీ తాగుతూ ఉండగా ఎడమచేతిలోంచి కప్పు జారి పగిలింది. ఆ చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. కుడిచేత్తో ఎలాగో చొక్కా విప్పేసింది. విప్పగానే చెయ్యి మామూలుగా లేచింది. చొక్కాని కిటికీ దగ్గర పట్టి చూసింది. ఎడమ పక్క గుడ్డ చెక్కుచెదరలేదు.

"గుడ్డ బాగానే ఉంది. మనిషే పలచబడ్డాడు" అంది మెల్లగా.

ఆ వారంలోనే వాచ్‌మన్‌కి ఎడమపక్క పడిపోయింది.

తరవాత పై అంతస్తు టీచరు గౌను. అది వేసుకున్నంతసేపూ వదిన పొట్ట పట్టుకుని కూర్చుంది. విప్పిన వెంటనే పైకి వెళ్లి, దెబ్బలాడి ఆ టీచరుని ఆస్పత్రికి తోలింది. లోపల గడ్డ ఉందన్నారు. సమయానికి కోసి తీసేశారు, ఆవిడ బతికింది. బతికి ఊరుకుంటుందా? అందరికీ చెప్పింది.

ఇంకేముంది, మా తలుపు గడియకి సంచులు వేలాడటం మొదలైంది. "మసిగుడ్డలకి పనికొస్తాయని..." అంటూ నసుగుతారు. లోపల చూస్తే ఇస్త్రీ మడత నలగని చొక్కాలు. చల్లకొచ్చి ముంత దాచడమంటే ఇదే. వదిన ఒంటికాలి మీద లేచింది.

"చిరగని గుడ్డని కొయ్యమంటారేంటి నన్ను? తీసుకుపొండి!"

తీసుకుపోయారు. కానీ ఆ తరవాత మెట్ల మీద ఆవిడ ఎదురైతే, తమ బట్టలు ఆవిడకి తగలకుండా గోడకి ఒదిగి నిలబడేవారు.

ఆ రోజుల్లోనే మా ఆయనకి నీరసం పట్టుకుంది. మెట్లు ఎక్కితే ఆయాసం. గుండె బలహీనంగా ఉంది, మందులు వాడి చూద్దాం అన్నాడు డాక్టరు. 'చూద్దాం' అన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నాకు ఆయన తప్ప ఎవరున్నారు? ఆయన పాత చొక్కా ఒకటి పట్టుకుని వదిన దగ్గరికి వెళ్లాను.

"ఒక్కసారి తొడిగి చూడండి వదినా."

"నా తమ్ముడి చొక్కా నేను తొడగను."

"అందరివీ తొడుగుతారు, సొంత తమ్ముడిది తొడగరా?"

"నోరు ముయ్యి" అంది. ఆవిడ నన్నెప్పుడూ అంత మాట అనలేదు. అప్పుడు నాకర్థమైంది. ఆవిడ ఎప్పుడో తొడిగి చూసేసింది.

అయితే చిత్రంగా ఆయన తేరుకోవడం మొదలుపెట్టాడు. మొహంలోకి రంగు వచ్చింది, ఆయాసం తగ్గింది. మందు బాగా పట్టిందన్నాడు డాక్టరు. నా సంతోషంలో నేనుండి, వదిన సంగతి పట్టించుకోలేదు. డాబా మీద బట్టలు ఆరేయడం మానేసింది. కుట్టుకుంటూ కుట్టుకుంటూ గుండె మీద చెయ్యి వేసుకుని ఆగిపోయేది.

ఒక పొద్దున ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే ఎడమ జేబు దగ్గర పెట్టె తట్టుకుంది. తిరగేసి చూశాను. జేబు వెనకాల, చీమలబారులా సన్నటి కుట్లతో ఒక అతుకు. బీరువాలో చొక్కాలన్నీ తీశాను. అన్నిటికీ ఉంది, అదే బూడిదరంగు గుడ్డ. ఆ రంగు నాకు తెలుసు. ఆవిడ గదిలో తీగ మీద ఆరుతున్న వదిన గౌను లాగి చూశాను. ఎడమ రొమ్ము మీద గుడ్డ లేదు. నలుచదరంగా కోసేసి, అంచులు మడిచి కుట్టి ఉంది. అందుకా ఈవిడ ఎండలో కూడా పైన స్వెటర్ వేసుకుంటోంది!

గౌను తెచ్చి ఆవిడ ఒళ్లో పడేశాను. "ఏంటిది?"

"అతుకు వెయ్యాలంటే గుడ్డ ఎక్కడినుంచో రావాలి కదా" అంది సూది వదలకుండా. "బజారు గుడ్డ వేసి చూశాను. పట్టలేదు."

కోపం, ఏడుపు కలిసి వచ్చేశాయి. "మీరు పోతే మేం సుఖంగా ఉంటామనుకున్నారా? ఇప్పుడే విప్పేస్తా అన్నీ!" కత్తెర తీసుకున్నాను.

"విప్పు" అంది ఆవిడ. "విప్పాక వాడి మొహం చూడగలవా?"

చూడలేను. ఆవిడ మొహమూ చూడలేకపోయాను. చొక్కా ఒక చేత్తో, కత్తెర ఒక చేత్తో పట్టుకుని మింగలేక కక్కలేక నిలబడ్డాను. తరవాత చొక్కా కింద పెట్టి, నేను వేసుకున్న గౌనునే గుండెల మీద పిడికిట పట్టుకుని చర్రున కోశాను.

వదిన అదిరిపడి లేచింది. ఆవిడ కళ్లలో భయం చూడటం అదే మొదటిసారి. "కొత్త గుడ్డే! బుద్ధుందా నీకు? చిరగనిదాన్ని కోస్తావా?"

"తిట్టండి. ముందు కుట్టండి."

ముక్కని చేతిలో పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఏడుస్తూనే దారం ఎక్కించి, తన గౌనుకి పెట్టి కుట్టింది. నేను పక్కనే కూర్చున్నాను. ఒక్కో కుట్టు పడుతుంటే నా ఊపిరి కొంచెం కొంచెంగా బరువెక్కింది. ఆవిడ బుగ్గల్లోకి మెల్లగా రంగు వచ్చింది.

ఇప్పుడు బయటినుంచి వస్తే ముగ్గురం కలిసే మెట్లెక్కుతాం. సగం మెట్ల మలుపు దగ్గర ముగ్గురం ఒకేసారి ఆగి, గోడకి చేరగిలబడతాం. "రోగిని నేనైతే మీకేం వచ్చిందే?" అని మా ఆయన నవ్వుతాడు. ఆయనకేమీ తెలియదు. వదిన నా చెయ్యి నొక్కుతుంది. ఎవరికి ముందు ఊపిరి అందితే వాళ్లు మిగతా ఇద్దరి కోసం అక్కడే ఆగుతారు.