కిటికీలు తుడిచిన విండోస్ నిపుణుడు

ఒక పెద్దమనిషి ముక్కు, ఒక కంపెనీ పరువు, నా ఉద్యోగం, ఈ మూడూ ఒకే పొద్దున ఒకే అద్దానికి గుద్దుకున్నాయి. ఆ అద్దాన్ని ముందురోజు కూర్చొని, నిలబడి, వణుకుతూ, దగ్గుతూ తుడిచిన మహానుభావుణ్ణి నేనే. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ ముక్కు మీది కాదు కాబట్టి మీకు నవ్వొస్తుంది.

రెండువేల సంవత్సరం వచ్చేస్తోందని, కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోయి పిచ్చెక్కిపోతాయని ప్రపంచం వణికిపోతున్న రోజులవి. ఆ వణుకు పుణ్యమా అని మా నాయుడుపేట కుర్రాళ్లు కూడా విమానం ఎక్కారు. అమీర్‌పేటలో కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని నేనూ సింగపూర్ విమానం ఎక్కాను. నన్ను పంపిన కన్సల్టెన్సీ ఆయన నా బయోడేటాలో "విండోస్ నిపుణుడు" అని ఒక ముక్క తగిలించాడు. "నాకు విండోస్ రాదు సార్" అంటే, "అక్కడికెళ్లాక వస్తుందిలేవయ్యా, జలుబు లాగా" అన్నాడు.

ఇక మా మేనత్త. విదేశమంటే మంచు కురిసే చోటని ఆవిడ నమ్మకం. సింగపూర్‌లో ఏడాది పొడుగునా ఉక్కపోతేనని ఎంత మొత్తుకున్నా వినలేదు. "విదేశమన్నాక చలి ఉండదంట్రా? నాకు చెప్పొచ్చాడు!" అని ఉన్ని గ్లౌజులు, మంకీ క్యాపు అల్లి సూట్‌కేసులో కుక్కింది. టాంపినీస్‌లో నాతోపాటు గది పంచుకున్న మిత్రులు వాటిని చూసి వారం రోజులు నవ్వారు. వాళ్లకంటే ఎక్కువ నేనే నవ్వాను. తర్వాత సైన్స్ పార్క్‌లో మా క్లయింటు కంప్యూటర్ రూమ్‌లోకి అడుగుపెట్టాను. కంప్యూటర్లు వేడెక్కకూడదని అక్కడ పెట్టిన ఏసీకి పళ్లు టకటకా కొట్టుకున్నాయి. మనసులోనే అత్త కాళ్లకు దణ్ణం పెట్టుకున్నాను.

మా ప్రాజెక్ట్ లీడర్ ప్రభాకర్ రావు గారిది కరీంనగర్. పనిమంతుడు, కాదనను. కానీ ఆయన దృష్టిలో జూనియర్ అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇంజనీరు, శని ఆదివారాలు ఇంటిమనిషి. జురాంగ్ వెస్ట్‌లో కొత్త ఫ్లాట్‌లోకి మారినప్పుడు సోఫా మోసింది మేమే. ఆయన ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి లిటిల్ ఇండియా నుంచి అరటి పిలకలు భుజాన వేసుకుని రైల్లో తెచ్చింది నేను. వ్రతం ముందురోజు ఆయన ఫోన్ చేసి, "రమణా, జర ఇంటికొచ్చి విండోస్ క్లీన్ జెయ్యరాదూ, మీ ఆంటీకి నడుం నొస్తున్నది" అన్నారు. వెళ్లి ఆ ఫ్లాట్ కిటికీలన్నీ తళతళలాడేలా తుడిచాను. "రమణ విండోస్ మస్తు జేసిండు" అని ఆంటీ మెచ్చుకుని ఒక లడ్డూ ఎక్కువ పెట్టింది. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, తర్వాత నా తరఫున సాక్ష్యం చెప్పడానికి పనికొస్తుంది.

నా ప్రొబేషన్ పూర్తయ్యే వారం వచ్చింది. కన్‌ఫర్మ్ చేస్తే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే వీసా రద్దయి ఇంటికి ప్రయాణం. ఊళ్లో నన్ను "సింగపూర్ ఇంజనీరు" అని పిలవడం అప్పుడప్పుడే మొదలైంది. ఆ పిలుపు "వచ్చేసిన ఇంజనీరు"గా మారుతుందేమోనని నాకు అన్నం సయించడం లేదు. అలాంటి సమయంలో ఒక మధ్యాహ్నం ప్రభాకర్ రావు గారు టాక్సీలోంచి ఫోన్ చేశారు.

"రమణా, రేపు పొద్దుగాల క్లయింటు పెద్దసారు లిమ్ వస్తుండు. కంప్యూటర్ రూంల విండోస్ అన్ని క్లీన్ జెయ్యాలె."

"అన్నీనా సార్?"

"అన్ని! మొత్తం తుడిచిపారెయ్. పాతది ఒక్క ముక్క గూడ మిగలొద్దు."

"దేంతో తుడవమంటారు సార్?"

"గదేందిరా, విండోస్ ఎక్స్‌పర్ట్‌వి నువ్వు, నన్నడుగుతవ్? కావల్సినయన్ని స్టోర్ రూంల డబ్బాల ఉన్నయ్."

"లోపల చలికి చేతులు కొంకర్లు పోతాయి సార్."

"గ్లౌజులు తొడుక్కో! గిది మంచిగ జేసినవంటే నీ కన్‌ఫర్మేషన్ నా జిమ్మెదారి. జెయ్యలేదనుకో, నీ టికెట్ గూడ నేనే బుక్ జేస్త."

"అట్నే సార్. మొన్న మీ ఇంట్లో చేసినట్టేనా సార్?"

టాక్సీ ఏ సొరంగంలోకి దూరిందో ఏమో, గరగరమని శబ్దం. దాని మధ్యలోంచి "ఆఁ... ఆఁ..." అని మాత్రం వినపడింది. ఫోన్ కట్టయింది. నాకెంత ఉపశమనం కలిగిందో చెప్పలేను. కంప్యూటర్లో విండోస్ గురించి ఎవరు ఏం అడుగుతారోనని నెలల తరబడి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరుగుతున్నాను. ఆ దేవుడు నాకొచ్చిన విండోసే నా చేతికిచ్చాడు!

స్టోర్ రూమ్‌లో రెండు డబ్బాలున్నాయి. ఒకదాంట్లో ఏవో సీడీలు. వాటితో నాకేం పని? పక్కన పెట్టేశాను. రెండో డబ్బాలో బకెట్, గుడ్డలు, సబ్బునీళ్ల సీసా ఉన్నాయి. మా సార్ ఎంత ముందుచూపు గల మనిషోనని మురిసిపోయాను.

ఆ కంప్యూటర్ రూమ్‌కి ముందువైపు గోడ లేదు, నేల నుంచి కప్పు దాకా అద్దాలే. తలుపు కూడా అద్దమే. లోపల చలికాలం, బయట కారిడార్‌లో మండువేసవి. మొదట వట్టి చేతులతోనే మొదలుపెట్టాను. చన్నీళ్ల గుడ్డ, చన్నీళ్లకంటే చల్లటి అద్దం. కాసేపటికి వేళ్లు ఫ్రిజ్‌లోంచి తీసిన బెండకాయల్లా అయ్యాయి, ఏది ఏ వేలో చెప్పలేను. అప్పుడు అత్త ఉన్ని గ్లౌజులు తొడిగాను. అబ్బ, ఏం వెచ్చదనం! కానీ గుడ్డ పిండగానే ఆ ఉన్ని బకెట్లో సగం నీళ్లు తాగేసింది. తడిసిన ఉన్ని మీద ఏసీ గాలి తగిలితే ఎలా ఉంటుందో నా శత్రువుకి కూడా తెలియకూడదు.

నేను మంకీ క్యాపు పెట్టుకుని, చంకల్లో చేతులు దాచుకుని గెంతుతుండగా ముత్తమ్మ ఆంటీ వచ్చింది. ఆ అంతస్తు ఊడ్చి తుడిచే ఆవిడ. సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన తమిళావిడ. తమిళనాడు పక్కనున్న నాయుడుపేటవాణ్ణి కాబట్టి నాకు సగం తమిళం వచ్చు, తెలుగు సినిమాల పుణ్యమా అని ఆవిడకు కాస్త తెలుగు వచ్చు.

"తంబీ, ఇది నా వేలై! నా వేలైకి నిన్ను పెట్టారా? నన్ను తీసేశారా?" అని గుండెలు బాదుకుంది.

"లేదాంటీ, నీ పని నీదే! నేను ఇంజనీరుని!"

ఆంటీ నా మంకీ క్యాపు చూసింది, బకెట్ చూసింది. "ఇంజనీరా? అయ్యో పావం" అంది. ఆ "పావం"లో ఎంత జాలి ఉందో, మా అమ్మ కూడా నా మీద అంత జాలిపడలేదు. ఉద్యోగం పోలేదన్న సంతోషంలో తన రబ్బరు గ్లౌజులు ఇచ్చింది. అవేమో నా అరచేతి దగ్గరే ఆగిపోయాయి. దాంతో నాలోని ఇంజనీరు నిజంగానే మేల్కొన్నాడు. ఉన్ని గ్లౌజులు పిండి, మా కంప్యూటర్ల వెనక వేడిగాలి వచ్చే చోట ఆరేశాను. ఎండాక తొడుక్కుని, పైన హాకర్ సెంటర్ తిండి కొట్లలో ఇచ్చిన ప్లాస్టిక్ సంచులు వేసుకుని, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండ్లు బిగించాను. వెచ్చగా, పొడిగా ఉన్నాయి. విజయం!

చేతులు పైకెత్తాను. సంచుల మీద నీళ్లు జారి, చొక్కా చేతుల్లోంచి చంకల దాకా చల్లగా వెళ్లిపోయాయి. నేనేసిన కేకకి ఆంటీ ఉలిక్కిపడింది. తర్వాత సంచుల అంచులు బయటకు మడిచి దోనెలా చేస్తే నీళ్లు అందులో ఆగాయి. ఇది నా జీవితంలో నేను సొంతంగా కనిపెట్టిన ఏకైక టెక్నాలజీ. ఆంటీ కింద నుంచి కోపి తెచ్చింది, ఇక్కడ పార్సిల్ కాఫీ దారం కట్టిన ప్లాస్టిక్ సంచిలో పోసిస్తారు కదా, అది. లోపలికి తాగేవి తీసుకురాకూడదని పెద్ద బోర్డుంది. అందుకని కారిడార్‌లోకి వచ్చి, ఆ సంచిని రెండు చేతుల మధ్య పెట్టుకుని వెచ్చబడటం, మళ్లీ లోపలికి పరిగెత్తడం.

చివరకు ఆంటీ తెచ్చిన పాత పేపర్లతో పొడిగా రుద్దితే అద్దాలు మెరిశాయి. ఒక్కటే లోపం కనపడింది. అన్ని అద్దాల మీదా, తలుపు మీదా ఛాతీ ఎత్తులో పసుపురంగు పట్టీ ఒకటి అతికించి ఉంది. ఏ ప్యాకింగ్ నాటిదో, రంగు వెలిసి అసహ్యంగా ఉంది. పాతది ఒక్క ముక్క కూడా మిగలొద్దన్నారు కదా సార్! నా ఆఫీసు కార్డుతో గీకి గీకి, జిగురుతో సహా ఊడబెరికాను.

"అన్నీ అయిపోయాయి సార్. చూస్తే మీరే నమ్మలేరు" అని ఫోన్ చేసి చెప్పాను.

"శెబాష్‌రా బిడ్డా!" అన్నారు.

మర్నాడు పొద్దున మిస్టర్ లిమ్ వచ్చారు. గబగబా నడిచే మనిషి, పక్కనే మా సార్, కొత్త టైతో.

"విండోస్ ఆల్ క్లీన్ ఆ?" అని లిమ్ అడిగారు.

"ఆల్ క్లీన్ సార్. అవర్ ఎక్స్‌పర్ట్ రమణ!" అని మా సార్ నా భుజం తట్టారు. నేను సిగ్గుపడుతూ నిలబడ్డాను.

"ష్యూర్ ఆ?"

"వెరీ ష్యూర్ సార్!"

లిమ్ తలాడించి, తిన్నగా కంప్యూటర్ల వైపు నడిచారు. ధడ్! ఆ అంతస్తంతా వినపడింది. ఆయన ముక్కు పట్టుకుని నేలమీద కూర్చుండిపోయారు.

"వేర్ గాట్ గ్లాస్? వేర్ గాట్ గ్లాస్ లా?" అని, అద్దం ఎక్కడుందంటూ అరుస్తున్నారు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో కూడా నాకు కాస్త గర్వం కలిగింది.

ముక్కు వంకాయలా వాచిన పెద్దమనిషిని క్లినిక్‌కి తీసుకెళ్లారు. మీటింగ్ వచ్చేవారానికి వాయిదా పడింది. మా సార్ నా వైపు తిరిగారు.

"ఏం జేసినవ్‌రా?"

"మీరు చెప్పినట్టే సార్. విండోస్ తుడిచాను. పసుపు పట్టీ కూడా..."

"గది మనుషులు గుద్దుకోకుండ పెట్టిన పట్టీరా!" అని తల పట్టుకున్నారు. అంతలో ఏదో అనుమానం వచ్చి లోపలికి పరిగెత్తి ఒక్కొక్క కంప్యూటర్ తెరిచి చూశారు. పాత విండోస్, పాత చెత్త, ఎక్కడిదక్కడ భద్రంగా ఉంది. ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"నేన్ జెప్పింది కంప్యూటర్ల విండోస్‌రా! పాతదంత తుడిచి కొత్తగ ఎక్కియ్యమన్న! నడువ్, నిన్ను గిప్పుడే ఇంటికి పంపిస్త. హెచ్చార్‌కు ఏం జరిగిందో మొత్తం రాసిస్త!"

ఏడుపు గొంతుతోనే అన్నాను, "రాయండి సార్. విండోస్ అంటే కిటికీలని ఎందుకనుకున్నావని వాళ్లడిగితే నేనేం చెప్పను? మొన్న వ్రతానికి మీ ఇంట్లో చేయించారు కదా, అదే మాట అన్నారు కదా అని చెప్పేదా?"

సార్ లేచి, టై సర్దుకుని, "పిచ్చోడా, లిమ్ ముక్కు పగిలింది గాబట్టి వారం టైం దొరికింది. లేకుంటే ఇయ్యాల్నే దొరికిపోతుంటిమి. పో, గా సీడీల డబ్బా పట్కరా" అన్నారు.

ఆ వారంలో నాకు నిజంగానే విండోస్ వచ్చింది, కన్సల్టెన్సీ ఆయన చెప్పినట్టే, జలుబుతో సహా. లిమ్ మళ్లీ వచ్చినప్పుడు తలుపుకి చాలా దూరంలోనే ఆగి, చీకట్లో తడుముకునేవాడిలా చెయ్యి ముందుకు చాపారు.

"విండోస్ క్లీన్ ఆర్ నాట్?"

"నో సార్! నాట్ సో క్లీన్ సార్!" అని మా సార్ ఠక్కున అన్నారు.

నా కన్‌ఫర్మేషన్ వచ్చింది. సార్ ఇంటిపనికి పిలిచే ఆదివారం ఫోన్లు ఆగిపోయాయి. ఒక్కసారి మాత్రం, "రమణా, ఇంట్ల విండోస్..." అని మొదలుపెట్టారు. "ఏ విండోస్ సార్?" అని వినయంగా అడిగాను. "ఏం లేదు, ఏం లేదు" అని పెట్టేశారు.

ఆ రోజే అత్త ఉన్ని గ్లౌజుల మీద చెయ్యి వేసి, తూర్పుకి తిరిగి ఘోర ప్రతిజ్ఞ చేశాను. ఈ కంఠంలో ప్రాణముండగా, ఎవరు చెప్పినా, ఎంత ఆశపెట్టినా, గుడ్డతో విండోస్ తుడవను గాక తుడవను! పెళ్లయ్యాక మొదటిసారి మా ఆవిడ బకెట్ తెచ్చి ముందు పెట్టినప్పుడు ఈ కథంతా అభినయంతో సహా చెప్పి, ప్రతిజ్ఞ సంగతి గంభీరంగా విన్నవించాను.

ఆవిడ శ్రద్ధగా విని, తడిగుడ్డ నా చేతిలో పెట్టి, "విండోస్ మీరు తుడవొద్దులెండి. మనింట్లో ఉన్నవి కిటికీలు" అంది.