అక్క మోకాలికి వేసే జిగురు

ప్రయోగశాలలో ఆమెను అందరూ జిగురమ్మ అనేవారు. దెబ్బతిన్న మోకాలి గుజ్జుకు అతుకు వేసే, జిగురులాంటి హైడ్రోజెల్‌ను పరీక్షించడం ఆమె ఉద్యోగం. మాంసం కొట్టు నుంచి తెచ్చిన కీళ్లలోంచి గుజ్జు కోసి, దానికో గుంట పెట్టి, జెల్ నింపి యంత్రం కింద పెట్టేది. మనిషి నడిచినట్టే యంత్రం దాన్ని నొక్కేది, వదిలేది. ఊడితే ఊడింది, నిలిస్తే నిలిచింది. సాయంత్రానికి చేతులు కడుక్కుని నిశ్చింతగా ఇంటికి పోయేది.

ఆ నిశ్చింతకు అక్కే ఎసరు పెట్టింది. అక్క బస్సు కండక్టరు. ఫుట్‌బోర్డు మీంచి జారిపడితే మోకాలి గుజ్జు ఒకచోట పెచ్చులా లేచిపోయింది. ఈ జెల్‌ను మొదటిసారి మనుషులకు వేస్తారని తెలిసి, చెల్లెలికి మాటైనా చెప్పకుండా ఆసుపత్రిలో పేరిచ్చేసింది.

"నీ చేతిలో పాసయ్యే సరుకేగా! ఇంకెవర్ని నమ్మమంటావే?" అంది నవ్వుతూ.

ఇక జిగురమ్మకు యంత్రం కిందున్న ప్రతి ముక్కా అక్క మోకాలే. యంత్రం చప్పుడుకు అన్నం సయించేది కాదు.

ఆఖరి పరీక్షలో నొక్కుడుతోపాటు పక్కకు రాపిడి కూడా ఉంటుంది, మెట్లు దిగేటప్పటిలా. ఆ రాపిడికి జెల్ అంచు గోరంత లేచింది. చెబితే అక్క ఆశ మీద నీళ్లు చల్లినట్టు. చెప్పకపోతే? ప్రయోగశాల నడిపే మేడమ్ గదికి వెళ్లింది.

"అక్కకు వేస్తారన్న భయంతో అలా కనబడిందా, నిజంగానే లేచిందా?"

"నా కళ్ల మీద నాకే నమ్మకం లేదు మేడమ్. మీరు చూడండి."

మేడమ్ చూసింది. ఇంకో ముక్క పెట్టించింది. అదీ లేచింది. వెంటనే డాక్టరుకు ఫోన్ చేసి ఆపరేషన్ ఆపించింది.

అక్క మండిపడింది. "కుంటుకుంటూ బతకమనేగా?" అని చెల్లెలితో మాట్లాడటం మానేసింది.

జెల్‌ను మార్చి, మళ్లీ మళ్లీ నలిపి చూసేసరికి చాలాకాలం పట్టింది. కొత్తది నిలిచింది. అక్కకు అదే వేశారు. కట్టు విప్పాక ఆసుపత్రి మెట్ల దగ్గర అక్క చెయ్యి చాచింది.

"పట్టుకోవే, భయంగా ఉంది."

"నాకూను" అంది జిగురమ్మ. ఇద్దరూ ఒకర్నొకరు గట్టిగా పట్టుకుని ఒక మెట్టు దిగారు. అక్క ఆగి, మోకాలిని తడుముకుని, రెండో మెట్టుకు కాలు చాపింది.