లోపలికి వచ్చిన అడుగులు

మొన్న, హిందీ మాట్లాడే మా ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్లో, బిర్సానగర్‌లో మా మేనత్త ఇంటి ముందు లారీ ఇసుక దించి వెళ్లింది. మేడ మీద గది వేయిస్తున్నారు. వచ్చేపోయే వాళ్లంతా ఆ ఇసుకని తొక్కుకుంటూ పోతుంటే, నేనొక్కణ్నే వంగి అడుగులు చూస్తూ నిలబడ్డాను. ఈ జబ్బు మా మావయ్య అంటించింది.

మావయ్య సరిహద్దు దళంలో చేసి రిటైరై ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. అరవై అయిదు యుద్ధం దాకా సరిహద్దుల్ని ఎక్కడికక్కడ రాష్ట్రాల పోలీసులే కాసేవారనీ, అది చాలదని తేలాకే తమ దళం పుట్టిందనీ, దాన్ని తానే పుట్టించినట్టు చెప్పేవాడు. యుద్ధం లేనప్పుడు దొంగరవాణా ఆపాలి, దాటేవాళ్లని పట్టుకోవాలి, సరిహద్దు ఊళ్లకి ధైర్యంగా ఉండాలి. యుద్ధమొస్తే అప్పగించిన చోటు వదలకూడదు. ఎడారిలో ఒంటెలు, చిత్తడి నేలల్లో పడవలు. వీటన్నిటిలో ఆయనకి ఇష్టమైన పని, కంచె పక్క నేలని సాయంత్రం చదును చేసి, పొద్దున్నే దాని మీద అడుగులు చదవడం. ఆ అలవాటు ఇంటికీ తెచ్చాడు. గేటు లోపల అడ్డంగా ఇసుక పట్టీ పరిచి, పాత ఇనపగొట్టానికి తాడు కట్టి రోజూ లాగేవాడు. పాలవాడు గేటు బయటి నుంచే చెయ్యి చాపి, "మై ఘుస్‌పైఠియా నహీ హూఁ, చాచా" అని, తాను చొరబాటుదారుణ్ని కానని విన్నవించుకునేవాడు.

ఆ పట్టీ దాటకూడని మనిషి ఒకడున్నాడు, ఆయన కొడుకే. అదే దళంలో ఉద్యోగమొస్తే ట్రైనింగ్ మధ్యలో వదిలేసి వచ్చాడు. మావయ్య గేటు తొక్కొద్దన్నాడు. అతను ఇదే ఊళ్లో అగ్రికో పేటలో గది తీసుకుని, గోవింద్‌పూర్ వైపు ఏదో ఫ్యాక్టరీలో కుదిరాడు. ఇంట్లో అతని పేరెత్తేవాళ్లు కాదు.

ఒక ఉదయం మావయ్య నన్ను పిలిపించాడు. నేను చదివింది తక్కువే అయినా, కనబడిందల్లా లెక్క వేసుకుంటే గానీ నిద్రపట్టని వాణ్ని, అందుకని. పట్టీ మీద రెండు వరసల బూటు గుర్తులున్నాయి. రెండూ గేటు నుంచి ఇంటివైపే.

"సూడల్లుడా. ఇద్దరు లోపలికొచ్చినారు. ఒక్కడూ బయటికెల్లనేదు. కొన్నాళ్లుగా ఇదే వరస."

మంచాల కింద, నీళ్ల ట్యాంకు వెనక కూడా వెతికాం. ఎవరూ లేరు. అవి ఫ్యాక్టరీల్లో వేసుకునే సేఫ్టీ బూట్ల గుర్తులు. ఆ ఇంట్లో అలాంటివి వెనక వాటాలో అద్దెకున్న అతనికే ఉన్నాయి. కాకినాడ వైపు మనిషి, కాంట్రాక్టు పని, భార్యకి నెలలు నిండాయి. ఎవరినో తెచ్చి దాస్తున్నాడని మావయ్య తేల్చేసి, ఆదివారానికల్లా ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు.

"ఆ పాత బూట్లు అరుగుమీదే పడుంటాయండి. ఎవరేసుకున్నారో నాకేం తెలుసండి? ఈ పరిస్థితిలో దీన్ని తీసుకుని ఎక్కడికెళ్లమంటారండి?" అన్నాడతను. నిజం చెప్పాలంటే నాకూ అతని మీదే అనుమానం. మాట్లాడుతున్నంతసేపూ నేలచూపులు చూశాడు.

అయినా నా బుద్ధి ఊరుకోదు కదా, రెండు వరసలూ పోల్చాను. రెండింటిలోనూ ఎడమ మడమ ఒకేచోట అరిగి ఉంది.

"మావయ్యా, లెక్క కుదరట్లేదు. ఇవి ఒకే జోడు. బయటికి పోకుండా ఒకే మనిషి రెండుసార్లు లోపలికెలా వత్తాడు?"

మావయ్య గొంతుక్కూర్చున్నాడు. ఒక వరసలో అడుగులు పొట్టిగా ఉన్నాయి, బూటు ముందుభాగం లోతుగా దిగింది. సరిహద్దు దాటేవాళ్లు వెనక్కి నడుస్తారు, వెళ్లినవాడు వచ్చినట్టు కనపడాలని. ఈ సంగతి ఆయన వెయ్యిసార్లు చెప్పాడు. విన్నది నేనూ, వినక తప్పని అత్తా. ఆ అడుగుల్లో ఎడమకాలి వెంట సన్నటి గీత ఉంది, కాలు ఈడ్చినట్టు. మావయ్య చూపు దాని మీదే ఆగిపోయింది. అప్పుడే అత్త, ఎడమకాలు ఈడ్చుకుంటూ టీ తెచ్చింది.

"ఏటలా సూత్తన్నారు? సల్లారిపోద్ది."

ఆవిడ గ్లాసు అరుగు మీద పెట్టింది. "నానే. మీ కొడుకు తెల్లారగట్ల ఈ దారంటే డూటీకెల్తాడు. టిఫినిచ్చి వత్తన్నాను. నా కాలిగుర్తు మీరు పోల్చీసుకుంటారని ఆ అబ్బాయి బూట్లేసుకున్నాను. నిండు చూలాల్ని రోడ్డున పడెయ్యకండి. ఎనక్కి నడవడం మీరే కదా నేర్పినారు."

మావయ్య టీ తాగాడు. అద్దె అబ్బాయితో, "ఖాళీ చెయ్యక్కర్నేదు. బూట్లు లోపలెట్టుకో" అని మాత్రం అన్నాడు. ఆ సాయంత్రం ఇనపగొట్టం లాగుతూ, గేటు పక్కన ఒక మనిషి నడిచేంత మేర ఇసుక ఊడ్చేసి వదిలిపెట్టాడు. అదేమిటని అడిగాను.

"కంచెకి అవతల కూడా మన రైతుల పొలాలుంటాయల్లుడా. ఆళ్ల కోసం కంచెకి గేట్లుంటాయి. పొద్దున్నే తాళం తీసేది మేవే. అదీ డూటీయే."

ఇప్పుడు మేడ మీద గది వేయిస్తున్నది ఆ కొడుకే. మావయ్య లేడు. పట్టీ ఉన్నచోట గడ్డి మొలిచింది. ఆ ఇసుక మీద నిలబడి ఎంత చూసినా, ఆ రోజులు ఈ ఇంట్లోకి వచ్చిన అడుగులే తప్ప, వెళ్లిపోయిన అడుగులు నాకు కనిపించలేదు; కాలం కూడా అత్తలాగే వెనక్కి నడుస్తూ వెళ్లిపోయింది కాబోలు.