సుబేదారిలో యుద్ధ వ్యతిరేక సభ

మా మిల్లు యూనియన్ పెద్దాయన ఏ దేశంలో యుద్ధం మొదలైనా సుబేదారి సెంటర్లో సభ పెట్టేవాడు. బ్యానర్‌పై 'యుద్ధం వద్దు' అన్నది రంగుతో రాసి ఉండేది. దేశాల పేర్లు మాత్రం కాగితాలపై రాసి గుండుసూదులతో గుచ్చేవాడు, మార్చడం సులువని. "చచ్చేది కూలోళ్ల పిల్లలే!" అని ఆయన గొంతు చించుకుంటే వినేవాళ్లం నలుగురం, మైకు సెట్టువాడితో కలిపి.

ఒకసారి సభ మధ్యలో ఆయన చెల్లెలు వర్ధన్నపేట నుంచి లడ్డూల డబ్బాతో వచ్చింది.

"అన్నా, నీ అల్లునికి మిలిటరీల కొలువొచ్చింది!"

"పంపకు చెల్లె."

"మరి ఈడ నువ్విప్పిస్తవా?"

మిల్లు మూతపడ్డాక మేనల్లుడి పనికోసం ఆయన ఎక్కని గడప లేదు. మైకు ఆపమని సైగ చేసి, ఒక లడ్డూ నోట్లో వేసుకున్నాడు.

"మంచిగున్నయ్ చెల్లె" అన్నాడు.

మేం చప్పట్లు కొట్టనిది ఆ ఒక్క ప్రసంగానికే.