ఆవిరమ్మ గింజల కుండ

లాండ్రీలో ఆమెను అందరూ ఆవిరమ్మ అనేవాళ్ళు. హోటళ్ళ నుంచి వచ్చిన తడి దుప్పట్లను పెద్ద ఇస్త్రీ రోలర్ల మధ్యకి తోసి, అవతలి వైపు పొగలు కక్కుతూ వచ్చినవాటిని అందుకుని మడతపెట్టడం ఆమె పని. ఆ ఆవిరిలో ఏళ్ళ తరబడి నిలబడ్డందుకు, ఇప్పుడే ఏడ్చి కడుక్కున్నట్టుండే తడి మెరుపొకటి ఆమె ముఖానికి పట్టుకుంది. కొత్తగా చేరిన అమ్మాయిలు ఏమైందక్కా అని కంగారుపడేవాళ్ళు. ఏం కాలేదే, నా మొహమే అంత, అని ఇంకో దుప్పటి అందుకునేది.

ఆమెకు ఏమీ కాలేదు. అయింది తమ్ముడికి.

తల్లి పోయేనాటికి తమ్ముడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా రాదు. అప్పటినుంచీ వాడికి అన్నీ ఈ అక్కే. పెద్దయ్యాక దుకాణాల బోర్డులు రాసే పని నేర్చుకున్నాడు. నిచ్చెన మీద కూర్చుని, నాలుక చివర పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరాన్నీ నిద్రపోయే పిల్లికి దుప్పటి కప్పినంత మెల్లగా రాసేవాడు. పెళ్ళి మాట ఎత్తితే ముందు నువ్వు చేసుకో అనేవాడు. అక్కడితో ఇద్దరి పెళ్ళిళ్ళూ ఆగిపోయేవి.

గొంతులో ఏదో అడ్డం పడుతోందని మొదలైన జబ్బు వాణ్ణి ఊరి చివర పెద్దాసుపత్రిలో పడుకోబెట్టింది. ఒంటికి కాస్త కండ పట్టనీ, ఇంటికి పంపిస్తాం అన్నాడు డాక్టరు, చేరిన కొత్తలో. ఆ ఒక్క మాటనీ ఆమె కొంగున ముడేసుకుంది. వెనక గదికి వెల్ల వేయించింది. మంచం కిటికీ వైపు తిప్పించింది. రంగుల డబ్బాలు తుడిచి వరసగా సర్దింది. ఇక కండ పట్టడమే తరువాయి. ఆ పని తన చేతిలోనే ఉందని ఆమె నమ్మకం.

ఆసుపత్రిలో భోజనం ఆసుపత్రిదే. ఆదివారం మాత్రం భోజనం పక్కన నంజుకోవడానికి ఇంటినుంచి ఒక వంటకం తెచ్చుకోవచ్చు, అదీ బాగా మెత్తగా ఉంటేనే. తమ్ముడికి చిన్నప్పటినుంచీ ప్రాణమైన వంటకం ఒకటే ఉంది, ఓవెన్‌లో మగ్గిన తెల్ల చిక్కుడుగింజలు.

శుక్రవారం పని నుంచి రాగానే గింజలు నానబోసేది. శనివారం మధ్యాహ్నం ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో సన్నని సెగ మీద ఉడికించేది. ఒక గింజను చెంచాలోకి తీసి మెల్లగా ఊదితే పైతోలు లేచి రెపరెపలాడాలి. అంతవరకూ టమాటాని గానీ వెనిగర్‌ని గానీ వాటి దరిదాపులకు రానిచ్చేది కాదు. పచ్చిగింజకి పులుపు తగిలిందంటే బిగుసుకుపోతుంది, తర్వాత ఎంత బతిమాలినా మెత్తబడదు. గింజ ఉడికాకే వేయించిన ఉల్లిపాయలు, టమాటా గుజ్జు, ముదురు బెల్లప్పాకం, నూరిన ఆవాలు, నాలుగు చుక్కల వెనిగర్ వేసి, మట్టికుండకు మూతపెట్టి ఓవెన్‌లోకి తోసేది. పొద్దువాలేసరికి ఇల్లంతా తీపీ ఘాటూ కలిసిన వాసన నిండేది. వెనక గది తలుపు తీసిపెట్టేది, ఆ వాసన అక్కడా కాస్త కూర్చుంటుందని.

ఆదివారం ఆ కుండను వేడిచేసి, లాండ్రీలో పనికిరాదని పారేసిన తువ్వాళ్ళలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కేది. చలిరోజుల్లో పక్కసీటు వాళ్ళు తెలియకుండానే ఆమె వైపు జరిగేవాళ్ళు.

రోగులు తింటున్నంతసేపూ బంధువులు వరండాలోనే ఉండాలి, అది వార్డు పద్ధతి. ఆయా వచ్చి గుమ్మం దగ్గర కుండ అందుకునేది, తలుపు మూసుకునేది. తలుపు మళ్ళీ తెరుచుకునేసరికి కుండ ఖాళీ. దిండుకు ఆనుకుని తమ్ముడు తీర్పు చెప్పడానికి సిద్ధంగా ఉండేవాడు. ఈసారి ఆవాల ఘాటు ముక్కుదాకా వచ్చిందనీ, పోయినసారి కంటే తీపి తగ్గిందనీ, అడుగున కాస్త పట్టినా ఆ మాడు రుచే వేరనీ చెప్పేవాడు. ఆమె ఆ మాటలు మూటగట్టుకుని ఇంటికొచ్చి, మరుసటి వారం ఆవాలు తగ్గించేది, బెల్లం పెంచేది.

అయినా వాడి మణికట్టు సన్నబడుతూనే వచ్చింది. తిండి ముందు ఎముకకు పడుతుంది, కండ తర్వాత, అని ఆమె తనకు తానే సర్దిచెప్పుకునేది.

ఒక శనివారం లాండ్రీకి హోటల్ దుప్పట్లు గుట్టలుగా వచ్చిపడ్డాయి. ఎవరినీ ఇంటికి పోనివ్వలేదు. ఆమె వచ్చేసరికి దీపాలు పెట్టేశారు. కాళ్ళు పీకుతున్నాయి. ఓవెనే చూసుకుంటుందిలే అనుకుని, నానిన గింజల్ని ఉడికించకుండానే టమాటా, వెనిగర్, బెల్లం అన్నీ కలిపి కుండలో పోసి లోపల పెట్టేసింది.

పొద్దున ఒక గింజ నోట్లో వేసుకుంటే పంటికింద రాయిలా టక్కుమంది. మళ్ళీ వండే వ్యవధి లేదు. వట్టి చేతులతో వెళ్ళలేక ఆ కుండే తువ్వాలులో చుట్టింది. ఈ వారం గులకరాళ్ళు తెచ్చానురా, రసం జుర్రుకుని రాళ్ళు తిరిగిచ్చెయ్, అని చెప్పి నవ్విద్దామనుకుంది.

బస్సు ఆలస్యమైంది. భోజనాల గంట కొట్టేశారు. ఆమె నోరు తెరిచేలోపే ఆయా కుండ లాక్కున్నంత పని చేసి తలుపు మూసేసింది. అసలే వాడిది బాగులేని గొంతు. అందులో ఆ గింజ అడ్డం పడితే? తలుపు తట్టింది. కూర్చోమ్మా, వాళ్ళని తిననీ, అని లోపలినుంచి విసుగు వినిపించింది. ఆమె కూర్చోలేదు. దగ్గు వినబడుతుందేమోనని తలుపుకి చెవి ఆనించి అలాగే నిలబడింది.

తలుపు తెరవగానే లోపలికి పరుగెత్తింది. కుండ ఖాళీగా ఉంది. తమ్ముడు నవ్వుతున్నాడు.

"వెన్నలా కరిగిపోయాయక్కా" అన్నాడు. "ఇంత మెత్తగా ఎప్పుడూ కుదరలేదు."

ఆమె వాడి ముఖం చూసింది. మంచం కింద మూతపెట్టిన బకెట్టూ, ఆ మూత అంచున ఎర్రని టమాటా మరకా కనిపించాయి. పక్క మంచం ఖాళీగా ఉంది. అక్కడ ఉండే లారీ డ్రైవర్ పెద్దాయనను ఎక్స్‌రేకి తీసుకెళ్ళారట.

"మెత్తగానే ఉడికించాను మరి" అంది. తర్వాత కిటికీకి కొత్త పరదా కుట్టిస్తున్న సంగతి చెప్పింది. వాడు రంగేమిటని అడిగాడు. నీలం అంది. బాగుంటుందన్నాడు.

వరండాలో చక్రాల కుర్చీలో డ్రైవర్ ఎదురయ్యాడు. "ఇవాళ నా వాటా పోయిందమ్మా" అన్నాడు, అంతలోనే నాలుక కరుచుకున్నాడు. ఆమె కుర్చీకి అడ్డంగా నిలబడింది.

"ఎప్పటినుంచి, పెద్దాయనా?"

ఆయన చాలాసేపు గడ్డం రుద్దుకున్నాడు. చలికాలం మొదలైనప్పటినుంచీ తమ్ముడికి ఏదీ గొంతు దిగడం లేదనీ, ఆహారం పోయడానికి కడుపులోకి గొట్టం పెట్టారనీ, అది చొక్కా కింద ఉంటుందనీ చెప్పాడు. అక్కకు నేనే చెప్తాను, మీరెవరూ చెప్పొద్దని డాక్టరు దగ్గర కూడా మాట తీసుకున్నాడట. చెప్పబోయిన ప్రతి ఆదివారమూ ఆమె ఆ గది ముచ్చట ఎత్తేదట.

"నన్ను ఊరికే తిననివ్వడమ్మా. ముద్దముద్దకీ ప్రశ్నే. ముందు తీపి తగిలిందా, ఘాటు తగిలిందా అని. లారీ నడిపినన్నాళ్ళూ ఏం తిన్నానో నాకే తెలీదు. రుచి చూడ్డం ఇక్కడికొచ్చాక, వాడి దగ్గర నేర్చుకున్నా."

ఆ వారం ఆమె నిజంగానే ఏడ్చింది. లాండ్రీలో ఎవరికీ తేడా తెలియలేదు.

శుక్రవారం మళ్ళీ గింజలు నానబోసింది. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. గింజను ఊదితే తోలు లేచింది. ఆదివారం వార్డు నర్సు దగ్గరకు వెళ్ళి, ఈ ఒక్కపూటా లోపల కూర్చోనివ్వమని అడిగింది. నర్సు ఆమెను ఎగాదిగా చూసి, ఏమీ అడక్కుండానే పక్కకు జరిగింది.

కుండతో అక్క లోపలికి రావడం చూసి తమ్ముడి ముఖంలో రక్తం లేకుండా పోయింది. ఆమె మూత తీసి, నిండు గరిటె డ్రైవర్ కంచంలో వేసింది. తనకో చెంచా తీసుకుంది. తమ్ముడికి పెట్టలేదు.

"డ్రైవర్ చెప్పేశాడా?" అన్నాడు తమ్ముడు.

"ఆయన కంటే ముందు గింజలు చెప్పాయి. పోయిన వారం వెన్నన్నావు చూడు, అవి రాళ్ళురా."

వాడు దుప్పటి అంచు వేళ్ళ మధ్య నలిపాడు. తర్వాత, ఎలా ఉన్నాయో ఇవాళ నువ్వు చెప్పు అన్నాడు. ఆమె చెంచా నోట్లో పెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ నిలబడి, అందరూ తిన్నాక, కుండ అడుగున మిగిలింది గబగబా మింగడమే. ఇలా కూర్చుని, ఒకరు ఎదురుచూస్తుండగా తినడం ఆమెకు తెలియదు. నమిలింది. మింగింది. మాటలు వెతుక్కుంది.

"నిజం చెప్పనా? నాకివి అంత ఇష్టం ఉండవురా. కూరలో తీపి నాకు పడదు."

తమ్ముడి భుజాలు కదిలాయి. చప్పుడు లేని నవ్వు అది. నవ్వీ నవ్వీ కళ్ళవెంట నీళ్ళు కారాయి. తర్వాత అవి ఆగలేదు. డ్రైవర్ కంచం ముందుకు చాపి, అయితే మీ వాటా కూడా ఇటే పడెయ్యండమ్మా అన్నాడు. ఆమె వేసింది.

"అక్కా" అన్నాడు వాడు, కళ్ళు తుడుచుకోకుండానే. "ఆ వెనక గది అద్దెకిచ్చెయ్. కిటికీ ఉంది, గాలొస్తుంది. ఎవరైనా వస్తారు."

చూద్దాంలే అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. వాడి మణికట్టు ఆమె చేతికి అందేంత దగ్గర్లో ఉంది. పట్టుకుంది. తన బొటనవేలూ చూపుడువేలూ దాని చుట్టూ తిరిగి ఒకదానిమీదొకటి పడ్డాయి.

"ఇస్తాలేరా" అంది.

వాడు తలూపి, దిండు మీదికి వాలి కళ్ళు మూసుకున్నాడు. పక్క మంచం మీద డ్రైవర్ ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని, వాడికి వినబడేలా నెమ్మదిగా నమలసాగాడు.